లంగరు వీరుడి చివరి పేజీ

మొన్న ఆదివారం పొద్దున్న మధురవాడ నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పేరు శ్రావణి. కంప్యూటర్ ఆటలకి బొమ్మలు గీసే ఆఫీసులో పని చేస్తుందట. సీతమ్మధారలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పాడై వారమైంది. ఆ పిల్ల ఆయాసం లేకుండా మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక పల్చటి పుస్తకాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా బయటికి తీసింది. అట్ట మీద రంగు వెలిసిపోయింది. కొండ మీద లైట్‌హౌసు, కింద సముద్రం, మధ్యలో మెడకి తువ్వాలు కట్టుకుని ఎగురుతున్న ఒక నల్లటి, కాస్త బొజ్జ ఉన్న మనిషి. లంగరు వీరుడు. నా దగ్గర కూడా లేని పుస్తకం. పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర దొరికిందనీ, లోపల అక్షరాలు సత్యవతివి అని నా పేరు అచ్చయి ఉందనీ, వాళ్ళ నాన్న ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు కాబట్టి ఆ రాత చూడగానే మా టీచరుదే అన్నాడనీ చెప్పింది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన రాత. గుర్తుపట్టడంలో వింతేమీ లేదు.

"చివరి పేజీ గురించి అడగాలని వచ్చాను మేడమ్" అంది. "బొమ్మ చూస్తే ఆ మనిషి చనిపోయాడని తెలిసిపోతోంది. హీరో మాత్రం ఊపిరి ఉందంటున్నాడు. చుట్టూ ఉన్న జనం కోసం అబద్ధం చెబుతున్నాడు. అబద్ధం చెప్పే సూపర్ హీరోని నేనెక్కడా చూడలేదు. అసలు ఆ ఆలోచన ఎవరిది?"

"ఆ మాట రాసింది నేనే" అన్నాను. ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. అప్పుడు మీకెన్నేళ్ళంటే పధ్నాలుగు అన్నాను. ఇంకా మెరిశాయి. అసలు జరిగింది చెప్పాల్సింది, కానీ ఓపిక లేకపోయింది. కాఫీ తాగి, తన ఫోనుతో నన్నూ పుస్తకాన్నీ కలిపి ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. నాది కాని మెప్పు మోయడం కూడా బరువేనని ఈ వయసులో తెలిసింది. నోటితో చెప్పలేనిది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం గాజువాకలో రెండు గదుల పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్నకి స్టీలు ప్లాంటు కట్టే చోట షిఫ్టు పని. ఏ షిఫ్టుకి వెళ్ళినా ఎర్రటి దుమ్ముతోనే తిరిగొచ్చేవాడు. అమ్మ ఆయన చొక్కాలని మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. నాన్న తమ్ముడు సన్యాసిరావు చిన్నాన్న మాతోనే ఉండేవాడు, పెళ్ళి చేసుకోలేదు. షాపుల బోర్డులు రాసేవాడు, సెంటర్లలో ఇంటి ఎత్తున నిలబెట్టే సినిమా హోర్డింగులకి బొమ్మలు వేసేవాడు. మా వీధి గదిలో ఎనామిల్ పెయింటూ కిరసనాయిలూ, వంటింట్లో రాగిపిండితో కాసే చోడి అంబలీ ఎండు చేపలూ. మధ్యలో తలుపు లేదు, అమ్మ పాత చీర తెరగా వేలాడేది. "సన్నాసీ, నీ రంగుల కంపు నా అంబట్లోకొచ్చీసింది" అని అమ్మ రోజూ అనేది. "రంగేసిన అంబలొదినా, అందరికీ దొరకదు" అని చిన్నాన్న గిన్నె వంచుకుని తాగేసేవాడు. కుంచెలు కడగడానికి ఒక పాత డాల్డా డబ్బా, తుడవడానికి నాన్న చిరిగిన బనీన్లు, ఎప్పుడూ నీలమో ఎరుపో అంటుకుని ఉండే ఆయన గోళ్ళు. ఆ గోళ్ళతోనే నాకు జడ వేసేవాడు అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు.

ఆయనతో కలిసి పనిచేసేవాడు నూకరాజు మామ. జాలరిపేట మనిషి. తండ్రీ అన్నలూ వేటకి వెళ్తే ఈయన మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పుతుందని ఒడ్డునే ఉండిపోయాడు. కానీ వల ముడులు నేర్చిన చేతులు కదా, వెదురు కర్రలతో పరంజా కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ కర్రల మీద అడ్డంగా వేసిన పలక మీద ఇద్దరూ చెరో పక్కా కూర్చుని, ఆకాశమంత హీరోయిన్ బుగ్గకి రంగు పూస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు బావా అనుకునేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు.

ఓడల మీంచి దిగిన ఇంగ్లీషు కామిక్కులు వన్‌టౌన్‌లో పేవ్‌మెంటు మీద అమ్మేవాళ్ళు. చిన్నాన్నకి ఇంగ్లీషు రాదు. బొమ్మల కోసం తెచ్చుకునేవాడు. ఒక ఆదివారం నూకరాజు మామ గాల్లో ఎగిరే హీరో ఉన్న అలాంటి ఒక పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఈడు మొదట్నించీ సివరిదాకా ఒక్క ముద్ద కూడు తిన్నేదు గదా బావా, ఈ కండలెలగొచ్చినాయి?" అన్నాడు. చిన్నాన్న పడీపడీ నవ్వాడు. "అయితే మన ఈరుడికి కూడెడదాం, సెప్పు" అన్నాడు. అలా మొదలైంది. కథ నూకరాజు మామది. ఆయనకి చదువు రాదు, కానీ కథ చెబుతుంటే చేతులు ఊరుకునేవి కావు, ఆ చేతుల్నే చిన్నాన్న గీసేవాడు. యారాడ కొండ మీద లైట్‌హౌసులో ఉండే మనిషి. ఒకప్పుడు ఓడలో లంగరు లాగే పని చేసినవాడు. గాల్లో ఎగురుతాడు, కానీ ముందు చద్దన్నం తింటాడు, ఎండు చేప లేకపోతే ఎగరడు. ఛాతీ మీద లంగరు బొమ్మ, మెడకి తువ్వాలు.

ప్రతి ఆదివారం పొద్దున్న వీధి గదిలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. ముందు పాత పేపరు మీద పెన్సిలుతో గళ్ళు గీసి, ఏ గడిలో ఏముండాలో ఇద్దరూ దెబ్బలాడుకునేవాళ్ళు. తర్వాత డ్రాయింగు షీటు మీద పాళీ పెట్టి నల్ల ఇంకు. మనుషుల నోటి దగ్గర మాటల బుడగలు గీసి వదిలేస్తే, అందులో నేను రాసేదాన్ని. మా ఇంట్లో గుండ్రంగా రాసేది నేనొక్కదాన్నే. చిన్నాన్న నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "పాపా, బొమ్మలో ఉన్నది మాటల్లో సెప్పకు. వాన పడతన్నట్టు నాను గీసేననుకో, నువ్వు వాన పడతందని రాసేవంటే నాను గీసిందెందుకు?" ముప్పై ఏళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో ఎన్ని వ్యాసాలు దిద్దానో లెక్క లేదు. దిద్దిన ప్రతిసారీ ఈ పాఠమే వేరే మాటల్లో చెప్పాను.

పుస్తకంలో ఇంకా నాలుగు పేజీలు మిగిలి ఉండగా నూకరాజు మామ పోయాడు. అంతకు ముందు రోజు సీసా పెంకు గుచ్చుకుని ఆయన కుడి అరచేతికి కట్టు కట్టారు. తాడు బిగించలేకపోతే ఆ రోజుకి పరంజా ముడులు చిన్నాన్న వేశాడు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. మధ్యాహ్నం పై పలక ఒక పక్కకి జారింది. జారిన పక్క నూకరాజు మామ ఉన్నాడు. చిన్నాన్న రెండో పక్క కర్ర పట్టుకుని వేలాడుతూ అంతా చూశాడు. కిందకి దిగేసరికి ఏమీ మిగల్లేదు. అందరూ నీ తప్పేముంది అన్నారు. చిన్నాన్న ఆ సాయంత్రం నూతి దగ్గర అమ్మ నీళ్ళు పోస్తుంటే ఒక్కసారి అన్నాడు, "తాడు నాను కట్టేనొదినా" అని. అమ్మ ఇంకో చెంబు పోసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళ దాకా ఆయన నోట ఆ మాట మేమెవరమూ వినలేదు.

నెల రోజులు పాళీ ముట్టుకోలేదు. తర్వాత ఒక ఆదివారం ఎవరితోనూ చెప్పకుండా చాప వేసుకుని కూర్చున్నాడు. ఆ నాలుగు పేజీలూ ఎవరూ కథ చెప్పకుండా గీసినవి. మొదటి పేజీలో నిలువుగా ఏడు సన్నటి గళ్ళు. ప్రతి గడిలోనూ ఒక మనిషి పడిపోతున్నాడు. వెనక హోర్డింగు మీద నవ్వుతున్న హీరోయిన్ మొహం, మొదటి గడిలో కళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత పెదాలు, తర్వాత గడ్డం. ఏడో గడిలో నేల, ఒక చెప్పు. అంతే. రెండో పేజీలోనూ మూడో పేజీలోనూ లంగరు వీరుడు తినే కంచం వదిలేసి హార్బరు మీదుగా, ఓడల మీదుగా వస్తుంటాడు. ఎంత గీసినా దూరం తగ్గనట్టే ఉంటుంది. ఆఖరి పేజీకి గళ్ళు లేవు, పేజీ అంతా ఒకటే బొమ్మ. చుట్టూ జనం కాళ్ళు. మధ్యలో వీరుడు మోకాళ్ళ మీద కూర్చుని పడిన మనిషిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మనిషి చెయ్యి ఒకటి నేల మీదికి జారి ఉంది. ఆ చేతిని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వీరుడి మొహం మనవైపు తిరిగి ఉంది, నోరు తెరిచి ఉంది, నోటి దగ్గర ఒక బుడగ.

"ఇందులో ఏటి రాయాల చిన్నాన్నా?" అని అడిగాను.

"ఏటీ రాయకు. కాళీగా ఉంచీ."

"మరి బుడగెందుకు గీసేవు?"

"ఏదో అందామని నోరు తెరిసినాడు. మాట రానేదు."

ప్రెస్సు మూర్తిగారిది వన్‌టౌన్‌లో చిన్న అచ్చాఫీసు. ఆయన మొదటి పేజీల్ని చూసి ముచ్చటపడే వేస్తానన్నాడు. చివరి పేజీ చూసి పక్కన పెట్టేశాడట. పిల్లల పుస్తకం, హీరో ఓడిపోతే ఎలా, ఆ ఖాళీ బుడగ చూస్తే అచ్చులో పొరపాటనుకుంటారు అన్నాడట. చిన్నాన్న, "ఎయ్యగలిగితే అలగే ఎయ్యండి, నేకపోతే మానీండి" అని కాగితాలు తెచ్చి అటక మీద పెట్టేశాడు. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. కానీ నాకు నిద్రలో కూడా అదే. నా అక్షరాలు అచ్చులో చూసుకోవాలని ఉంది. అందరికంటే ముందు బళ్ళో చూపించాలని ఉంది. ఇది ముందుగా ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణాలు ఇంతకంటే అందంగా ఉంటాయి.

చిన్నాన్న అనకాపల్లిలో ఒక గోడ రాయడానికి నాలుగు రోజులు వెళ్ళినప్పుడు నేను అటకెక్కి కాగితాలు దింపి, బడి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మూర్తిగారు మంచివాడే. స్టూలు వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "నువ్వేనా ఈ రాత రాసింది? ముత్యాల్లా ఉన్నాయమ్మా" అన్నారు. అని, చివరి పేజీ నా ముందు పెట్టి, పాళీ నా చేతికిచ్చారు. "ఒక్క మాట రాయి. మనిషి బతికున్నాడని తెలిస్తే చాలు. మీ చిన్నాన్న ఇంత కష్టపడి గీసింది అటక మీద చెదలు పట్టడం బాగుంటుందా?"

నేను చాలాసేపు ఆ నేల మీదికి జారిన చెయ్యి చూశాను. నూకరాజు మామ చెయ్యే, అరచేతికి కట్టుతో సహా. బతికుంటే బాగుండునని నాకూ ఉంది. రాస్తే బతుకుతాడేమో అనిపించేంత చిన్నపిల్లని కాను, అయినా అలాంటిదేదో అనిపించింది. 'కంగారు పడకండి. ఊపిరి ఉంది' అని రాశాను. అక్షరాలు ఎప్పటికంటే గుండ్రంగా వచ్చాయి.

పుస్తకాల కట్ట ఇంటికొచ్చిన రోజు చిన్నాన్న గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పాడు. నేను చీర తెర వెనక ఉన్నాను. ఆఖరి పేజీ దగ్గర ఆగాడు. ఎంతసేపు ఆగాడో, అమ్మ వంటింట్లోంచి అన్నం చల్లారిపోతందని రెండుసార్లు పిలిచింది. పుస్తకం మూసి, చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. సగం అన్నం తిన్నాక నావైపు చూడకుండానే, "అచ్చరాలు బాగున్నాయి పాపా" అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, కొట్టి ఉంటే నాన్నతో చెప్పేదాన్ని. ఆ మాటకి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

రెండు వారాల తర్వాత నూకరాజు మామ భార్య పైడమ్మత్త వచ్చింది. చేపల బుట్ట గుమ్మం బయట దింపి, కొంగులోంచి పుస్తకం తీసింది. పక్కింటివాళ్ళెవరో కొని చదివి వినిపించారట. ఆమె వచ్చిందంటే గొడవ చేస్తుందనే అనుకున్నాను. మనిషి చచ్చిపోయిన చోటుని బొమ్మలేసి అమ్ముకుంటారా అంటుందని అమ్మ కూడా భయపడి కుర్చీ తుడిచి వేసింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. చిన్నాన్న ఎదురుగా నేల మీద కూర్చుని, ఆఖరి పేజీ తెరిచి, బుడగ మీద వేలు పెట్టింది.

"ఇందులో ఊపిరున్నాదని రాసేరంట గదా అన్నయ్యా?"

చిన్నాన్న తలూపాడు.

"తరవాతేటవుద్ది?"

"తరవాతంటే..."

"ఊపిరుంటే తీసుకెల్లాల గదా. పెద్దాసుపత్రికి తీసుకెల్లినాడా ఆ ఎగిరీవోడు? నానేటి, పుస్తకంలోదే అడుగుతన్నాను. నిజంగా కాదు, తెలుసు నాకు. పుస్తకంలో."

అప్పుడు చిన్నాన్న నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నువ్వు పెట్టిన మూట ఇది, ఎక్కడ దింపమంటావ్ అన్నట్టుంది. ఆ పాపం పిల్లది, నేను చెప్పింది అది కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "గీత్తాను సెల్లీ. వచ్చీ ఆదోరం రా" అన్నాడు.

అలా మళ్ళీ మొదలైంది. వారానికొక పేజీ. అచ్చుకి కాదు, ఎవరికీ చూపించడానికి కాదు. లంగరు వీరుడు ఆ మనిషిని తువ్వాల్లో చుట్టి ఆసుపత్రికి ఎగురుతాడు. డాక్టరు వస్తాడు. తలకి కట్టు, చేతికి కట్టు. ఇంకో వారం ఆ మనిషి కళ్ళు తెరుస్తాడు. ఇంకో వారం గంజి తాగుతాడు. పైడమ్మత్త చేపలమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేది, తడి చేతులు కొంగుకి తుడుచుకుని పేజీ అందుకునేది. "మా ఓడు గంజి అలగ తాగడు, ముందు మామిడికాయి నంజుకుంతాడు" అనేది. చిన్నాన్న వచ్చే వారం మామిడికాయ ముక్క గీసేవాడు. నేను బుడగల్లో మాటలు నింపేదాన్ని. ఇప్పుడు ఖాళీ బుడగ ఒక్కటీ ఉండేది కాదు. మంచం మీద మనిషి కబుర్లే కబుర్లు. గీస్తున్నన్ని వారాలూ చిన్నాన్న ఎండిపోయాడు. హోర్డింగులు ఎక్కడం అప్పటికే మానేశాడు, నేల మీద నిలబడి రాయగలిగే బోర్డులే రాసేవాడు. శనివారం వస్తే అంబలి కూడా సయించేది కాదు. అయినా ఆదివారం పొద్దున్నకి పేజీ సిద్ధంగా ఉండేది. ప్రతి పేజీలోనూ ఆ అబద్ధాన్ని గీసింది ఆయనే, కానీ మొదటి మాట నాది. నేను చదువుకుంటున్నాననే వంకతో ఒక్క ఆదివారమైనా తప్పించుకుందామని చూశాను. "పాపా, పాళీ అందుకో" అనేవాడు. అది నాకు వేసిన శిక్షో, నన్ను వదిలిపెట్టకుండా పక్కన ఉంచుకోవడమో, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

పదకొండు పేజీలయ్యాయి. పదకొండో పేజీలో ఆ మనిషి ఆసుపత్రి మెట్ల మీద నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పైడమ్మత్త ఆ పేజీ చాలాసేపు చూసింది.

"వచ్చీ వారం ఇంటికొచ్చెత్తాడా అన్నయ్యా?"

"మరొచ్చెత్తాడు గదా సెల్లీ."

"వద్దు. ఆ పేజీ గీయకు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేపల ధర చెప్పినట్టు. "ఇంటికొచ్చేడంటే తలుపు నానే తియ్యాల గదా. తియ్యలేను. ఆసుపత్రి దాకా సాలు."

పదకొండు పేజీలూ చాపలా చుట్టి, చేపలకి కప్పే గుడ్డలో పెట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత కూడా వచ్చేది, చేపలు ఇచ్చేది, అమ్మతో కూర్చుని వక్క నమిలేది. బొమ్మల మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పేజీలు ఏమయ్యాయో తెలియదు, అడిగే అర్హత నాకుందనిపించలేదు. లంగరు వీరుడు రెండో పుస్తకం లేదు. మూర్తిగారు కబురు పంపితే చిన్నాన్న చెయ్యి నొప్పన్నాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. బోర్డుల మీద చేత్తో రాసే పని పోయి మెషీన్లో ప్రింటైన ఫ్లెక్సీలొచ్చాయి. గాజువాకలో మా పెంకుటిల్లున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. ఈ రోజుల్లో పిల్లలకి బొమ్మ కావాలంటే వేలితో తోస్తే వస్తుంది, నచ్చకపోతే ఇంకో తోపు. మంచిదే. ఒక గడి కోసం ఇద్దరు పెద్దమనుషులు అరగంట దెబ్బలాడుకోవడం నేను చూశాను కాబట్టి నాకు అది గొప్పగా కనిపిస్తుంది కానీ, ఆ దెబ్బలాటలో ఉన్న సంతోషం ఎంతకాలం నిలిచిందని లెక్కేసుకుంటే ఒక ఏడాది కూడా కాదు. మిగతాదంతా దాని వెనక వచ్చిన అలసటే. నేను ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను, వేల పేజీలు ఎర్ర ఇంకుతో దిద్దాను. ఆ ఒక్క పేజీని దిద్దే వీలు లేకపోయింది.

పోయినేడాది చిన్నాన్న ఆఖరి రోజుల్లో నేనే దగ్గరుండి చూశాను. చూపు దాదాపు పోయింది, మాట మాత్రం స్పష్టంగా ఉండేది. ఒక మధ్యాహ్నం మందు వేశాక, ఇంక ఎప్పుడూ అడగలేనని భయం వేసి అడిగాను.

"నా మీద నీకు కోపం రాలేదా చిన్నాన్నా, అప్పుడు?"

ఏ అప్పుడు అని అడగలేదు ఆయన. "రాకేటి" అన్నాడు. "వచ్చింది. సేనా వచ్చింది." ఎండ కిటికీలోంచి ఆయన పాదాల మీద పడుతోంది, ఆ వెలుగు తెలుస్తోందేమో కాలి వేళ్ళు కదిపాడు.

"తాడు నాను కట్టేను గదే పాపా. నిన్నేటంటాను?"

నూతి దగ్గర అమ్మతో అన్న తర్వాత ఆ మాట మళ్ళీ ఆయన నోట వినడం అదే. నీ తప్పేముంది చిన్నాన్నా అని అందామనుకున్నాను. అది అందరూ అన్న మాటే, ఆయన నమ్మని మాటే. మంచం మీద కొంచెం చోటుంటే అక్కడ కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. గోళ్ళలో రంగు లేదు. ఆయన నిద్రపోయేదాకా అలాగే ఉన్నాను.